తువ్వాలు కింద వచ్చిన నవ్వు

మా మామిడితోట నా చేతిలోంచి ఎలా జారిపోయిందో చెబుతాను, వినండి. మధ్యలో నవ్వొస్తే నవ్వెయ్యండి, నేనేమీ అనుకోను. అసలు తోట పోయిందే నవ్వు వల్ల! ఇప్పుడు మీరు నవ్వినా కొత్తగా పోయేదేం లేదు. టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి.

మా ఊరు రెడ్డిగూడెం దాటాక వస్తుంది. తోట ఊరికి ఆనుకునే ఉంటుంది. సగం బంగినపల్లి, మిగతావి రసాలు, గట్టు వెంట కలెక్టరు కాయ. మొన్న కార్తీకమాసంలో మా నాన్న ఆ తోటలోనే పోయాడు. పొద్దున సైకిల్ మీద వెళ్ళిన మనిషి, మధ్యాహ్నానికి నులకమంచం మీద ఇంటికొచ్చాడు. గుండె అన్నారు. ఆ సైకిల్ మూడు రోజులు తోటలోనే చెట్టుకి ఆనించి ఉండిపోయింది. తీసుకురావాలని ఎవరికీ గుర్తు రాలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడే మా బాబాయి మాట ఎత్తాడు. బాబాయంటే నాన్న తమ్ముడు, వెంకటరత్నం. ముసునూరులో ఎరువుల కొట్టు ఉంది. మంచివాడే, చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం ఇంకా తేలికయ్యేది.

"వదినా, తోట గుత్తకిచ్చేద్దాం. మైలవరం ఆసామి ఒకడున్నాడు. ఐదేళ్ళకి రాసిచ్చేస్తే మందులు, నీళ్ళు, కాపలా అన్నీ వాడే పడతాడు. మీకు ఏటా ఇంత అని ఇంటికొచ్చి ఇచ్చి వెళ్తాడు," అన్నాడు.

నేనే గబుక్కున అన్నాను. "ఎందుకు బాబాయ్? నేను చూసుకుంటాను."

"నువ్వా? ఏం చూస్తావే?"

"అన్నీ!"

మరి నా నమ్మకం నాది. బీకాం పాసయ్యాను. లెక్కలు నోటితోనే చేసేస్తాను, కాగితం కూడా అక్కర్లేదు. నాన్న ఎరువుల బిల్లు చదువుతుంటే ఆయన చివరి అంకె చదివే లోపల నేను టోటల్ చెప్పేదాన్ని. "ఇదిగో, మా ఇంటి మిషను," అనేవాడు వచ్చినవాళ్ళతో.

చివరికి అమ్మ మధ్యేమార్గం చెప్పింది. "ఈ ఒక్క కాపు దాన్ని చూడనివ్వు మరిదీ. కాపు బేరం కూడా అదే చేస్తుంది. బేరం సరిగ్గా చేసిందా, తోట మా చేతిలోనే ఉంటుంది. చెయ్యలేకపోయిందా, నువ్వు చెప్పినట్టే గుత్తకిచ్చేద్దాం. అప్పుడు నేనూ అడ్డుపడను."

అదీ ఒప్పందం. ఒక్క బేరం మీద తోటంతా!

నేనేం తక్కువ తినలేదు లెండి. పూత మొదలైన దగ్గర్నుంచి మందులు కొట్టించాను. మంచు పడితే పొద్దున్నే లేచి పొగబెట్టించాను. నాన్న సైకిల్ మీద, సీటు కిందకి దింపుకుని, రోజూ తోటకి వెళ్ళేదాన్ని. ఊళ్ళో కొందరు నవ్వారు. కాయ పడింది. బ్రహ్మాండంగా పడింది. కొమ్మలకి కర్రలు పోటు పెట్టాల్సి వచ్చింది. బాబాయి వచ్చి చూసి, "ఊఁ," అన్నాడు. మా బాబాయి నోటి నుంచి "ఊఁ" అంటే మిగతావాళ్ళ నోట శాలువా కప్పినట్టు.

ఇంక మిగిలింది బేరం.

మా వైపు బేరం ఎలా చేస్తారో మీకు చెప్పాలి. కాపు మొత్తం చెట్టు మీద ఉండగానే వ్యాపారికి అమ్మేస్తాం. రేటు మాత్రం నోటితో చెప్పరు. పక్కన పదిమంది కూర్చుని ఉంటారు కదా, వాళ్ళకి తెలియకూడదు. వ్యాపారి తన భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా కప్పుతాడు. కింద వేళ్ళతోనే మాటలన్నీ. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, గుప్పెడంతా పట్టుకుంటే ఐదు. రేటు నచ్చకపోతే అరచేతిలో గోరుతో ఒక గీత గీస్తాం. నచ్చితే గట్టిగా నొక్కి, చెయ్యి బయటికి తీసేస్తాం. నొక్కి తీశామా, అయిపోయినట్టే. దానికి సంతకం లేదు, సాక్షి లేడు, తిరుగూ లేదు.

ఇంకో సంగతి. వ్యాపారి మొదట పట్టుకునే అంకె ఉత్త లాంఛనం. అది ఎంత తక్కువంటే, దానికి ఎవరూ కోపం కూడా తెచ్చుకోరు. గోరుతో గీత గీస్తారు, అక్కడి నుంచి అసలు బేరం మొదలవుతుంది. మా ఊళ్ళో మొదటి అంకెకి ఒప్పుకున్న మనిషి పుట్టలేదని అనుకునేవాళ్ళు. పుట్టింది. బీకాం కూడా పాసయింది.

నాన్న నాకు ఈ వేళ్ళ భాష చిన్నప్పుడే నేర్పాడు. వేయించిన వేరుశెనక్కాయలు పళ్ళెంలో పోసి, అమ్మ పమిట కొంగు మా చేతుల మీద కప్పి, గుప్పెడు కాయలకి గంట సేపు బేరం ఆడేవాడు. "పిల్లదానికి అన్నం పెట్టాలి, నా కొంగు వదలండి!" అని అమ్మ అరిచేది. "ఆగవే, బేరం తెగలేదు," అనేవాడు.

ఏటా మా కాపు కొనేది చలమయ్య గారు. నూజివీడులో ఆయనకి కాయల కొట్టుంది. బక్కపల్చటి మనిషి, కిందికి వాలిన మీసం, ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు. నాన్నకి స్నేహితుడు. నన్ను ఎత్తుకుని తిప్పినవాడు, నాకు మావయ్య వరస.

బాబాయి ఇక్కడ కూడా ఒక పుల్ల వేశాడు. "ఆడపిల్ల మగవాడి చేతిలో చెయ్యి పెట్టి బేరమేంటి వదినా? నలుగురూ ఏమనుకుంటారు?"

"చలమయ్య గారు దానికి తండ్రిలాంటి వాడు."

"పోనీ దీని చేతికి ఇంకో గుడ్డ చుడితే?"

"చేతికి గుడ్డ చుడితే వేళ్ళు ఎలా తెలుస్తాయి బాబాయ్? ఇది బేరమా, బ్యాండేజీయా?" అన్నాను. అమ్మ మొహంలో నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. నాన్న పోయాక అమ్మ నవ్వు అంతే, గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేది.

గురువారం పొద్దున చలమయ్య గారు బేరానికి వస్తానన్నారు. సరిగ్గా బుధవారం సాయంత్రం కొంప మునిగింది.

పక్కింటి సుబ్బులు పిన్ని వచ్చింది. వాళ్ళ టీవీలో పిక్చర్ ట్యూబ్ పోయిందట. "అక్కా, ఇవాళ ఆ కామెడీ ప్రోగ్రాం వచ్చే రోజు. మీ టీవీ పెట్టనిస్తావా? నీకు కష్టంగా ఉంటే వద్దులే," అంది. నాన్న పోయాక మా ఇంట్లో టీవీ షట్టరు తియ్యలేదు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ, "పెట్టవే. ఇల్లు మూగబోయి ఉంది," అంది.

స్టెబిలైజర్ ఆన్ చేశాను. డాబా ఎక్కి యాంటెనా తిప్పి, "వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడు?" "వచ్చింది, పోయింది!" అని ఒక పావుగంట కుస్తీ పట్టాక బొమ్మ నిలిచింది. వీధిలో సగం మంది మా వసారాలో చేరిపోయారు.

ఆ ప్రోగ్రాం మీరూ చూసే ఉంటారు. చిన్న చిన్న నాటికలు వేస్తారు, నాటికకీ నాటికకీ మధ్య నిమిషం సేపు గీతలతో వేసిన కార్టూను బొమ్మలు కదులుతాయి. నాటికలు అంతంత మాత్రమే గానీ, ఆ నిమిషం బొమ్మలు మాత్రం చురుక్కుమంటాయి! ఒక వారం, కుర్చీకి అతుక్కుపోయి కుర్చీతో సహా రిటైరైన ఆఫీసరు. ఇంకో వారం, రిబ్బన్ కత్తిరించడానికి వచ్చి నీళ్ళు లేని బావిలోకి ఉపన్యాసం చెప్పిన మంత్రి. ఎవరిని వేసినా వాళ్ళని మనం ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

ఆ వారం ఎవరిని వేశారో తెలుసా? మామిడికాయల వ్యాపారిని!

రైతు, వ్యాపారి ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో తువ్వాలు. వ్యాపారికి వాలిన మీసం, చంకలో గొడుగు. వసారాలో అందరూ ఒక్కసారి, "చలమయ్యగారు!" అని అరిచారు. తువ్వాలు ఎగిరెగిరి పడుతోంది. కింద నుంచి వ్యాపారి వేలు ఒకటి బయటికొచ్చింది. సాగింది. పాములా పాక్కుంటూ వెళ్ళి రైతు జేబులో బీడీ కట్ట తీసింది. ఇంకో వేలు ఇంట్లో దూరి, పొయ్యి మీద గిన్నె మూత తీసి, ముక్క తీసి రుచి చూసింది. మూడోది పెరట్లో పాలు పితికింది. నాలుగోది నిద్రపోతున్న ముసలమ్మ కట్టుడుపళ్ళు పట్టుకుని వచ్చేసింది. చివరికి బేరం తెగింది. రైతు ఆనందంగా చెయ్యి బయటికి తీసుకుని చూసుకుంటే నాలుగు వేళ్ళే ఉన్నాయి! ఐదోది వ్యాపారి గొడుక్కి తగిలించుకుని వెళ్ళిపోయాడు, కమిషను కింద.

వసారా దద్దరిల్లిపోయింది. నా బుర్ర ఊరుకోదు కదా, లెక్క వేసేసింది. సెకనుకి పన్నెండు బొమ్మలనుకున్నా నిమిషానికి ఏడొందల ఇరవై. ఎవడో పాపం కూర్చుని ఏడొందల ఇరవై సార్లు చలమయ్య గారి మీసం గీశాడు!

అప్పుడు వెనక నుంచి ఒక శబ్దం వినిపించింది. వెనక్కి తిరిగాను. అమ్మ. వంటింటి గుమ్మంలో నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కుదుపుతూ నవ్వుతోంది. ఆపుకోలేకపోతోంది. "ముసలమ్మ పళ్ళు..." అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. ఎన్ని నెలలైంది ఆ నవ్వు విని! చివరికి కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అవి ఏ కన్నీళ్ళో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున చలమయ్య గారు బస్సు దిగి వస్తున్నారు. వాలిన మీసం. చంకలో గొడుగు. ఈయన్ని చూసి వాళ్ళు గీశారా, వాళ్ళు గీసింది చూసి ఈయన తయారయ్యాడా అన్నట్టున్నారు. మా అరుగు మీద అప్పటికే పదిమంది చేరి ఉన్నారు.

"చలమయ్య గారూ, ఏదీ, ఒకసారి వేళ్ళు చూపించండి!"

"ఏమయ్యా, నా వేళ్ళకేమైంది?"

"రాత్రి టీవీలో వచ్చాయి లెండి. ఎంత పొడుగు, ఎంత పొడుగు!"

సంగతి చెప్పారు. ఆయన ఇంట్లో టీవీ లేదు. అంతా విని, మీసం దువ్వుకుని, "నా బొమ్మ టీవీలో వేశారా? మంచిదే. నేను పెళ్ళప్పుడు కూడా ఫోటో తీయించుకోలేదు," అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. కానీ కూర్చున్నాక, ఎవరూ చూడట్లేదనుకుని, తన చేతి వేళ్ళు ఒకసారి విప్పి చూసుకున్నారు. నేను చూశాను.

వసారాలో చాప వేశాం. నేను, చలమయ్య గారు ఎదురెదురుగా. పక్కన బాబాయి, చుట్టూ జనం. అమ్మ తలుపు వెనక.

"మీ నాన్న కూర్చునే చోటే కూర్చున్నావమ్మా," అన్నారు చలమయ్య గారు నెమ్మదిగా. "కానియ్యి."

తువ్వాలు కప్పారు. నేను రాత్రంతా కూర్చుని లెక్కలు కట్టుకుని ఉన్నాను. చెట్టుకి ఎంత, గాలికి రాలేది ఎంత, బెజవాడలో ధర ఎంత. నా బుర్రలో మూడు అంకెలున్నాయి: అడిగేది, ఆగేది, చచ్చినా దాని కిందకి దిగనిది. తువ్వాలు కింద ఆయన చెయ్యి తగిలింది. గరుగ్గా, వెచ్చగా ఉంది. ఒక్క క్షణం నాన్న చెయ్యే అనిపించింది.

ఆయన మొదటి అంకె పట్టుకున్నారు. ఆ లాంఛనం అంకె. నేను చెయ్యాల్సింది చాలా చిన్న పని. అరచేతిలో గోరుతో ఒక్క గీత.

గోరు ఎత్తాను. ఈలోగా ఆయన వేలు ఒకటి కాస్త ఇటు జరిగింది. చక్కిలిగింత పెట్టింది. తువ్వాలు ఒక చోట ఉబ్బింది. నా కళ్ళ ముందు ఆ వేలు సాగుతూ సాగుతూ వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీస్తోంది! పెదవి కొరుక్కున్నాను. వద్దు, వద్దు, నవ్వకు మణీ, తోట, తోట! సరిగ్గా అప్పుడు తలుపు వెనక అమ్మ కూడా ఆ ఉబ్బిన తువ్వాలే చూసినట్టుంది. "కిక్" మని ఒక శబ్దం.

అంతే! నవ్వు ఆపుకోవడానికి చేతికి దొరికింది గట్టిగా పట్టుకున్నాను. చేతికి దొరికింది చలమయ్య గారి చెయ్యి. అయినా ఆగలేదు. నోరు మూసుకోవడానికి చెయ్యి లాగేశాను.

నొక్కాను. తీశాను.

ఒక్క నిమిషం నాకే తెలియలేదు ఏం చేశానో. రెండు చేతులతో మొహం కప్పుకుని పడి పడి నవ్వుతున్నాను. చలమయ్య గారి చెయ్యి ఇంకా తువ్వాలు కిందే ఉంది, ఒంటరిగా.

"అయిపోయిందా!" బాబాయి లేచి నిలబడ్డాడు. "అన్నయ్యకే అరగంట పట్టేది! దాని నవ్వు చూడండి! ఎంత కొట్టిందో ఏంటో! మా అన్న కూతురండీ!"

"చలమయ్య గారి మొహం చూడండి, ఎలా వాడిపోయిందో!" అన్నారెవరో. "పిల్ల వేలు కాదు, చెయ్యే లాగేసుకున్నట్టుంది!"

మళ్ళీ నవ్వులు. అప్పుడు నాకు లెక్క తెలిసింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

చలమయ్య గారు ముందుకి వంగారు. "అమ్మాయ్, ఇంటికాయ సంగతి మిగిలిపోయింది. చెయ్యి పెట్టు, మాట్లాడుకుందాం," అన్నారు. ఇంటికాయంటే కాపు అమ్మినా మా తిండికి విడిగా ఇచ్చే బుట్టలు. అది నోటితోనే చెప్పుకుంటారు ఎప్పుడూ, దానికి తువ్వాలు అక్కర్లేదు. ఆ మాత్రం నాకు తట్టాలి కదా! బిల్లు టోటల్ చెప్పే బుర్రకి అది తట్టలేదు.

తట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. "మా అన్న కూతురండీ!" అన్నాడే బాబాయి, ఆ మాట కోసం కార్తీకం నుంచి ఎదురుచూస్తున్నాను. అది చెవిలో పడి నిమిషం కాలేదు. అందరి ముందూ మళ్ళీ తువ్వాలు కింద చెయ్యి పెడితే బేరం తెగలేదని తెలిసిపోతుంది. తల పైకెత్తి, పెద్ద ఆసామిలాగా, "ఇంటికాయకి బేరమేంటి మావయ్యా? మీ ఇష్టం," అన్నాను.

ఆయన ఇంకా కాసేపు తువ్వాలు అలాగే పట్టుకుని కూర్చున్నారు. తర్వాత దులిపి భుజం మీద వేసుకున్నారు.

సాయంత్రం డబ్బు పట్టుకుని ఆయనే వచ్చారు. బాబాయి లెక్కపెట్టుకుని, సంచిలో పెట్టుకుని, "అడ్వాన్సు బాగానే ఇచ్చారండీ. మిగతాది కోతలప్పుడా?" అన్నాడు.

"మిగతాదేం లేదు వెంకటరత్నం," అన్నారు చలమయ్య గారు.

బాబాయి మళ్ళీ సంచిలో చూశాడు. సంచి తిరగేసి దులిపి కూడా చూశాడు. ఆ తర్వాత ఆయన మొహం నేను చూడలేకపోయాను.

"తండ్రి లేని పిల్లండీ! మా అన్న మీతో ఇన్నేళ్ళు కలిసి తిరిగినందుకు, ఆయన పోయిన ఏడాది తిరక్కుండానే ఇదా?"

"బాబాయ్! ఆయన తప్పేం లేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి నొక్కేశాను!"

"నువ్వుండవే. నవ్వొచ్చి తోట అమ్మేస్తారా ఎవరైనా?"

ఎంత చెప్పినా నమ్మరే! అరుపులకి వచ్చిన సుబ్బులు పిన్ని, "మరి టీవీ వాళ్ళు ఊరికే వేస్తారా?" అంది. నలుగురూ తలూపారు. నేను చూసింది, చేసింది, నా నోటితో నేను చెబుతున్నాను. ఒక్కరికీ ఎక్కలేదు. నిమిషం బొమ్మ మాత్రం అందరికీ కంఠతా వచ్చేసింది.

చలమయ్య గారు, "అంకె మార్చుకుందాం వెంకటరత్నం. నేనే మారుస్తాను," అన్నారు.

"చూశారా! తప్పు చేశారు కాబట్టే మారుస్తానంటున్నారు!" అన్నాడు బాబాయి. "మా ఇంట్లో చెయ్యి తీశాక అంకె మార్చడం లేదండీ. మీ ధర్మం మాకొద్దు."

ఆయన గొడుగు తీసుకుని లేచారు. అమ్మ తలుపు వెనక నుంచి, "అన్నయ్య గారూ, మజ్జిగైనా..." అంది. వినబడలేదో, వినబడనట్టు వెళ్ళారో.

బాబాయి నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది. అమ్మ దగ్గరికి వెళ్ళి, "వదినా, మరి మాట..." అన్నాడు. "అలాగే మరిదీ," అంది అమ్మ. ఈ కాపు దిగగానే తోట మైలవరం ఆసామికి, ఐదేళ్ళకి. ఆ రాత్రి అమ్మ నాకు అన్నం పెడుతూ, "నేను నవ్వకుండా ఉండాల్సిందే," అంది. దానికి మాత్రం నేను ఏడ్చాను.

పది రోజుల తర్వాత నూజివీడు బస్టాండు దగ్గర చలమయ్య గారు కనిపించారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. ఆయన ఎప్పుడూ అలా నడవరు. పరిగెత్తుకెళ్ళాను. "మావయ్యా, నేను మీ మీద నవ్వలేదు. ఆ బొమ్మ గుర్తొచ్చి..."

"తెలుసమ్మా. మీ నాన్న ఉండుంటే ఆ బొమ్మ చూసి నీకంటే ఎక్కువ నవ్వేవాడు, నా ఇంటికొచ్చి మరీ నవ్వేవాడు," అన్నారు. "నువ్వు నవ్వినందుకు కాదు అమ్మాయ్ నా బాధ. మళ్ళీ చెయ్యి పెట్టమన్నాను. పెట్టలేదే?" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఇంటికాయ మాట ఎందుకొచ్చిందో. జవాబు చెప్పేలోపల ఆయన బస్సు వచ్చేసింది.

ఇంక నిన్నటి సంగతి చెప్పి ఆపేస్తాను. ఈ వేసవిలో మా ఇంట్లో ఒక్క రసం కూడా తినలేదు. ఇంటికాయ నేను అడగలేదు కదా, చలమయ్య గారు పంపిస్తే బాబాయి బుట్టలు గుమ్మంలోంచే తిప్పి పంపేశాడు. అమ్మ నోరు తెరిచి అడగదు. అందుకని సంచి పట్టుకుని తోటకి వెళ్ళాను. చిక్కాలు వేసి కాయ కోస్తున్నారు. కాపలాకి చలమయ్య గారు పెట్టిన మనిషి కొత్తవాడు, ఎక్కడో అవతల ఊరి వాడు. నేనెవరో తెలియదు.

"ఏం కావాలమ్మా?"

"చిన్నరసాలండి. ఒక డజను."

అతను భుజం మీది తువ్వాలు తీశాడు. నేను ఠక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాను! అతను నన్ను అదోలా చూసి, మొహం మీద చెమట తుడుచుకుని, తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

నాన్న నాటిన చెట్టు కింద గడ్డిలోంచి కాయలు ఏరి, రేటు చెప్పాడు. ఎక్కువే చెప్పాడు. ఎంత ఎక్కువో పైసలతో సహా నాకు తెలుసు. డబ్బు తీసి ఇచ్చేశాను.

"అదేంటమ్మా, బేరం ఆడవేంటి? మొదటి మాటకే ఇచ్చేస్తున్నావు. ఈ వైపు కొత్తా?"

"ఆఁ, కొత్తేనండి," అన్నాను.

పాపం అనుకున్నాడు కాబోలు, సంచిలో ఇంకో కాయ వేశాడు. ఈ ఏడాది మా తోట మీద నేను సంపాదించిన లాభం అదేనండి, ఒక చిన్నరసం. అదీ ఒక పక్క మచ్చది.